అమెరికాలో అ ఆలు దిద్దించిన ఏలూరు మేష్టారు

నాలుక కొస కొంచెం వెనక్కి మడత పెడితే ‘కల’ కాస్తా ‘కళ’ అయిపోతుంది. మనకిది ఎవరూ నేర్పకుండానే ఉగ్గుపాలతో వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ‘ళ’ అనే శబ్దం నోట పలకని అమెరికా కుర్రవాడికి మాత్రం అది ఎన్నాళ్ళో సాగే సాధన. అటువంటి సాధన చేయించడమే ఉద్యోగంగా 1971లో ఏలూరు నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు మేష్టారు శ్రీ వెల్చేరు నారాయణరావు. పాఠం చెప్పడానికి వెళ్ళిన మనిషి పాఠంతోనే ఆగిపోలేదు. తెలుగు కవిత్వాన్ని ప్రపంచం ముందు పెట్టాలన్న పట్టుదల వదలకుండా, దాని కోసం చాలా ఏళ్ళు ఓపిక పట్టారు. అదే ఆయన కథలో చెప్పుకోదగ్గ సంగతి.

బెజవాడ దగ్గర కృష్ణ నుంచి బయలుదేరిన ఏలూరు కాలువ, గోదావరి వైపు నుంచి వచ్చే కాలువ కలుసుకునే ఊరు ఏలూరు. రెండు డెల్టాలకూ అది పొలిమేర. 1932లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన శ్రీ నారాయణరావు ఏలూరులోని సర్ సి.ఆర్.రెడ్డి కళాశాలలో చదువుకున్నారు. అదే కళాశాలలో తెలుగు చెప్పారు. అక్కడి నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆ విశ్వవిద్యాలయం మాడిసన్ నగరంలో ఉంది. ఊరికి అటూ ఇటూ రెండు పెద్ద సరస్సులు. శీతకాలంలో అవి గడ్డకట్టి, మనుషులు వాటి మీద నడిచిపోతారు. కాలువ గట్ల మీద తిరిగిన మనిషికి ఆ చలి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

గోధుమలకు బదులు పుస్తకాలు

అసలు అమెరికావాళ్ళకు తెలుగుతో పనేమిటి? ఈ ప్రశ్న రచ్చబండ దగ్గర ఎవరైనా అడుగుతారు. అడగవలసిందే. 1957లో రష్యా మొదటి ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపింది. దానితో అమెరికా ఉలిక్కిపడింది. లెక్కలు, సైన్సుతో పాటు ఇతర దేశాల భాషలు కూడా తమ పిల్లలకు రావాలని 1958లో ఒక చట్టం చేసింది. విశ్వవిద్యాలయాలలో ఆసియా భాషల శాఖలకు డబ్బు వచ్చింది. కోట్ల మంది మాట్లాడే తెలుగు కూడా ఆ జాబితాలో చేరింది. 1963లో లీ లిస్కర్ అనే భాషావేత్త వాడుక తెలుగు నేర్చుకునేవారి కోసం ఇంగ్లీషులో ఒక వాచకం వేశారు.

ఇంకొక విశేషం ఉంది. ఆ రోజులలో మన దేశం అమెరికా నుంచి గోధుమలు తెప్పించుకునేది. ‘పి.ఎల్. 480’ అన్న పేరు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ గోధుమల ఖరీదు డాలర్లలో కాక రూపాయలలో చెల్లించే ఏర్పాటు. అలా ఇక్కడ జమపడిన రూపాయలలో కొంత భాగంతో, 1962 నుంచి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం వారు భారతీయ భాషలలో వచ్చిన పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలుపెట్టారు. చికాగో, బర్కిలీ, విస్కాన్సిన్ వంటి చోట్లకు తెలుగు పుస్తకాలు కూడా వెళ్ళాయి. తెలుగు ప్రచురణకు అప్పుడు బెజవాడే పెద్ద బజారు. ఏలూరు రోడ్డు, గవర్నరుపేటలలోని ప్రచురణ సంస్థలు వేసిన నవలలూ కావ్యాలూ ఓడలెక్కి పోయాయి. మన అన్నం తినే నాడులో ఆ గోధుమలను ఎంతమంది ఇష్టంగా తిన్నారో గాని, వాటి పుణ్యమా అని అక్కడి బీరువాలలో మన పుస్తకాలు చేరాయి. చదివేవారిని తయారు చేయడమే మిగిలింది. ఆ పని మేష్టార్లది.

మేమూ, మనమూ

తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడికి మొదటి గండం ‘మేము’, ‘మనము’. వాళ్ళకు రెండింటికీ ఒకే మాట. ‘మనం భోజనానికి వెళదాం’ అంటే ఎదుటివాణ్ణి కలుపుకున్నట్టు. ‘మేం వెళ్తాం’ అంటే నువ్వు రానక్కరలేదని చెప్పినట్టు. పొరపాటున ఒకదానికి ఇంకొకటి వాడితే పిలవని పేరంటమో, పిలిచి పొమ్మన్నట్టో అవుతుంది.

రెండోది ఆకలి. ఇంగ్లీషులో ఆకలిగొన్నవాడే కర్త. తెలుగులో ‘నాకు ఆకలి వేస్తోంది’ అనాలి. ఆకలి దానంతట అదే వచ్చి మన మీద పడుతుంది. తెలియడమూ, కోపం రావడమూ, ఇష్టం కలగడమూ అన్నీ ఇలాగే. ఇక ‘కలిగి ఉండడం’ సంగతి. వాళ్ళు డబ్బునైనా, అన్నదమ్ములనైనా, జ్వరాన్నైనా ఒకే క్రియతో చెప్పేస్తారు. మనకు డబ్బు ‘దగ్గర’ ఉంటుంది, అన్నదమ్ములు ‘ఉంటారు’, జ్వరం ‘వస్తుంది’.

‘ఆవిడ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ - రెండింటికీ ఒకే క్రియ ఏమిటని అడిగే విద్యార్థికి ఏం చెప్పాలి? భాష అలా ఉంది, అంతే. గౌరవం కావాలంటే ‘వచ్చారు’ అని బహువచనం తగిలిస్తాం. నువ్వు, మీరు, తమరు, ఏమోయ్, ఏమండీ - వీటిలో ఏది ఎవరి దగ్గర వాడాలో వ్యాకరణం పుస్తకం చెప్పలేదు. మేనత్త, పినతల్లి, మేనమామ, బావ, బావమరిది, వదిన, మరదలు - ఈ వరసలు నేర్పాలంటే ముందు మన పెళ్ళిళ్ళ సంగతి చెప్పాలి. భాషతో పాటు ఊరంతా చెప్పుకు రావాలన్నమాట.

వీటన్నిటికీ మించిన చిక్కు, ఏ తెలుగు నేర్పాలన్నది. పుస్తకంలో ‘చేయుచున్నాడు’, నోటిలో ‘చేస్తున్నాడు’. పైగా శ్రీకాకుళం మాట వేరు, కరీంనగరం మాట వేరు, కడప మాట వేరు. ఒంగోలులో పుట్టి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొందిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి, తెలుగు బాగా నేర్చిన అధికారి జె.పి.ఎల్.గ్విన్‌తో కలిసి 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం వెలువరించారు. అది చదువుకున్నవారి వాడుక భాషకు వ్యాకరణం. ఆ వాడుకలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మాటకే పెద్దపీట. పత్రికలూ, సినిమాలూ ఆ మాటనే నలుదిక్కులా పరిచాయి. అందుచేత విదేశాలలో తెలుగు నేర్చిన చాలామంది నోట బెజవాడ బస్టాండులో వినపడే తెలుగే పలుకుతుంది. మిగిలిన ప్రాంతాలవారు దీని మీద అలిగారంటే అందులో న్యాయం లేకపోలేదు.

అదే కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలు ఊరూరా పోగు చేయించి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం అచ్చు వేయించారు. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో అందులో దొరుకుతుంది. పట్నవాసపు పండితుడికి తెలియని మాటకు అర్థం వెతకవలసి వచ్చినప్పుడు దిక్కయ్యే పుస్తకం అది. ఆ పుస్తకానికి మాటలు ఇచ్చినవారు మన రైతులే.

పదహారేళ్ళ ఓపిక

విదేశంలో తెలుగు తరగతి అంటే వేళ్ళ మీద లెక్కపెట్టగల విద్యార్థులు. అక్షరాలూ, క్రియలూ, మళ్ళీ అక్షరాలూ. కవిత్వం మీద మనసున్న పండితుడికి ఇది ఎదుగూ బొదుగూ లేని చాకిరీ అనిపించినా తప్పు లేదు. ఇటువంటి ఉద్యోగంలో కుదురుకుని, స్వంత పని మరచిపోయినవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు.

శ్రీ నారాయణరావు అమెరికాలో పాఠాలు చెబుతూనే 1974లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి డాక్టరేటు తీసుకున్నారు. ఆ పరిశోధన ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ అన్న పేరుతో 1978లో పుస్తకంగా వచ్చింది. పండితుల మధ్య దాని మీద వాదోపవాదాలు నడిచాయి. ఇంగ్లీషు అనువాదాల దారి ఇంకా నిదానం. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకాన్ని హాంక్ హైఫెట్జ్ అనే కవితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినది 1987లో. అంటే వెళ్ళిన పదహారేళ్ళకు. 1990లో పాల్కురికి సోమన బసవపురాణం. దాని తోడు అనువాదకుడు జీన్ రోగేర్. ఈయన విస్కాన్సిన్‌లోనే చదువుకుని, మన పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను విని, రాసుకుని, 1982లో ఇంగ్లీషులో గ్రంథంగా వేయించిన మనిషి. కృష్ణ ఆవలి ఒడ్డున కార్తెంలో పాడుకునే కథ ఆక్స్‌ఫర్డు వారి అచ్చులో వచ్చింది.

1994 తరువాత ఇక వరద గేట్లు ఎత్తినట్టే. అన్నమయ్య, పింగళి సూరన కళాపూర్ణోదయం, క్రీడాభిరామం, చాటుపద్యాలు, గురజాడ కన్యాశుల్కం, పెద్దన మనుచరిత్ర - ఒకటి తరువాత ఒకటి ఇంగ్లీషులో వచ్చాయి. వాటిలో అనేకం జెరూసలేం ఆచార్యుడు డేవిడ్ షుల్మన్‌తో కలిసి చేసినవి. తమిళం చదివి దక్షిణదేశంలో అడుగుపెట్టిన శ్రీ షుల్మన్ తెలుగులో పడి, తరువాత కొన్ని నెలలు రాజమండ్రిలో ఉండి ఆ దినచర్య మీద ఒక పుస్తకమే రాశారు. ఒక్కడే కూర్చుని చేయలేని పనికి తోడు దొరకబుచ్చుకోవడం, అది దొరికే దాకా తరగతి గది విడిచిపెట్టకపోవడం - ఏలూరు మేష్టారి కిటుకు ఇదేనేమో.

మువ్వ నుంచి కాలిఫోర్నియాకు

మన జిల్లావారికి దగ్గరది 1994 నాటి పుస్తకం. మువ్వ గ్రామపు గోపాలస్వామిని ముద్రగా పెట్టుకుని పదిహేడవ శతాబ్దంలో పదాలు కట్టిన క్షేత్రయ్యను, మరి కొందరు పదకర్తలను కలిపి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. అనువాదకులు ముగ్గురు: శ్రీ నారాయణరావు, శ్రీ షుల్మన్, కన్నడ దేశం నుంచి చికాగో వెళ్ళిన కవి ఎ.కె.రామానుజన్. పుస్తకం వెలువడే నాటికి రామానుజన్ లేరు. 1993లోనే కన్నుమూశారు.

దాని పేరుకు తెలుగు చెప్పాలంటే ‘దేవుడే బేరానికి వస్తే’ అనాలి. భజన మందిరంలో వినడానికి చెవికి కటువుగా ఉంటుంది. కానీ ఆ పదాలు పాడినవారూ ఆడినవారూ దేవదాసీలు. చాలా పదాలలో మాట్లాడేది సానియే. ఎదుట నిలబడినవాడు మువ్వగోపాలుడు. తరువాతి కాలంలో పెద్దమనుషులు సిగ్గుపడి ఆ పదాలకు జీవాత్మ పరమాత్మ అని ముసుగు కప్పారు. ముసుగు తీసి, నవ్వునూ ఎత్తిపొడుపునూ అలాగే ఉంచి చూపించింది ఆ పుస్తకం. మువ్వవారికి ఇది నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. పదం మాత్రం బతికి ఉన్నది అలాగే.

నందమూరులో పుట్టి, బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణకు కూడా 2018లో ఆ అదృష్టం పట్టింది. లండను నడిబొడ్డున గుర్రపు తల గల గంధర్వుడు దిగిన కథ ‘హాహా హూహూ’ను, ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ను శ్రీ నారాయణరావు ఇంగ్లీషు చేశారు. రెండోదానిలో పంచతంత్రం రాసిన విష్ణుశర్మ, తిక్కన సోమయాజితో కలిసి వచ్చి ఒక తెలుగు పంతులు దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవాలని కూర్చుంటాడు. రాతకూ పలుకుకూ పొంతన లేని ఇంగ్లీషు వర్ణక్రమం చూసి ఆ పండితుడు వేసే ప్రశ్నలకు పంతులు దగ్గర జవాబు ఉండదు. పరభాష నేర్పడంలోని కష్టాన్ని విశ్వనాథ ఇంత హాస్యంగా చెప్పారు. మాడిసన్‌లో మేము, మనము విడమరచిన మేష్టారే దాన్ని అనువదించడం బాగానే అతికింది.

అంతకు ముందు బ్రౌను, ఆ పిమ్మట మండలి

విదేశంలో తెలుగు పాఠం ఏలూరు మేష్టారితో మొదలు కాలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలోనే కాదు, మన బందరులో కూడా ఉద్యోగం చేశాడు. తాళపత్రాలు పోగు చేసి, పండితులకు జీతాలిచ్చి శుద్ధ ప్రతులు రాయించి, 1852-54 మధ్య నిఘంటువులు అచ్చు వేయించాడు. 1855లో స్వదేశం వెళ్ళిపోయాక కూడా తెలుగును వదలలేదు. లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పదవిలో ఉండి, 1884లో మరణించాడు.

ఇతర దేశాలవారికి తెలుగు నేర్పడం ఒక ఎత్తు. ఇతర దేశాలలో ఉన్న తెలుగువారికి తెలుగు నేర్పడం ఇంకొక ఎత్తు. ఈ రెండో పనిని భుజాన వేసుకున్నది దివిసీమ నాయకుడు శ్రీ మండలి వెంకటకృష్ణారావు. 1957లో బందరు నుంచి లోక్‌సభకు వెళ్ళిన ఆయన, విద్యాశాఖ మంత్రిగా ఉండగా 1975 ఉగాదినాడు హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ప్రారంభమయ్యాయి. మారిషస్, మలేషియాల నుంచి తెలుగువారు తరలి వచ్చారు. నూరేళ్ళ క్రితం చెరకు తోటలకు వలస వెళ్ళిన కూలీల మనుమలు, మునిమనుమలు వారు. చాలామందికి ఇంటిపేరూ ఉగాది పచ్చడీ మిగిలాయి గాని మాట జారిపోయింది. వారికి పాఠాలూ పుస్తకాలూ అందించాలని అదే ఏడు అంతర్జాతీయ తెలుగు సంస్థ పుట్టింది.

రెండున్నరేళ్ళు తిరిగేసరికి 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి, వేలమంది చనిపోయారు. స్వంత సీమ శవాల దిబ్బ అయిన వేళ భాష గురించి మాట్లాడడానికి ఎవరికి నోరు వస్తుంది? శ్రీ మండలి ముందు ఉప్పెన బాధితుల మధ్య నిలిచారు. ఆ తరువాత తెలుగు పని కూడా వదలలేదు. రెండవ మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో, మూడవవి 1990లో మారిషస్‌లో జరిగాయి. అంతర్జాతీయ తెలుగు సంస్థ 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. ఆయన 1997లో కన్నుమూశారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. అక్కడి ప్రాథమిక పాఠశాలలలో కోరుకున్న పిల్లలకు తెలుగు చెబుతారు.

ఇప్పుడు ఆ వలసల వరస మారింది. ఉయ్యూరు, గుడివాడ, పామర్రు ప్రాంతాలలో పిల్లలు అమెరికాలో లేని వీధి అరుదు. ఫోనులో మనుమడు ‘హాయ్’ అని ఊరుకుంటే మామ్మగారికి అవతల మాట తోచదు. ఈ లోటు చూసే, సిలికానాంధ్ర వారు 2007లో ‘మనబడి’ మొదలుపెట్టారు. శని, ఆదివారాలలో తల్లిదండ్రులే పంతుళ్ళై చెప్పే బడి అది. వారమంతా ఉద్యోగం చేసి, సెలవునాడు పరాయి పిల్లలకు గుణింతం దిద్దించడం చిన్న సంగతి కాదు. ఆ సంస్థవారే కూచిపూడిలో ఆసుపత్రి కూడా కట్టారు.

విశ్వవిద్యాలయాలలో మాత్రం తెలుగు పీట ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. విద్యార్థులు తగ్గితే, సొమ్ము ఆగితే మొదట వేటు పడేది ఇటువంటి చిన్న తరగతుల మీదే. అందుకని ప్రవాసాంధ్రులు చందాలు వేసుకుని నిధులు పెట్టవలసి వస్తోంది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక కుటుంబంవారి విరాళంతో తెలుగు ఆచార్య పదవి ఏర్పడింది. ఆ పదవి చేపట్టిన శ్రీమతి హర్షిత మృత్తింటి కామత్ కూచిపూడి ఊరిలో మగవారు సత్యభామ వేషం కట్టే సంప్రదాయం మీద 2019లో గ్రంథం వెలువరించారు. శ్రీ నారాయణరావు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ గౌరవ ఫెలోషిప్ పొందారు. వీరిద్దరూ కలిసి నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఇంగ్లీషు చేశారు. 2022లో అచ్చయిన ఆ పుస్తకంలో కుడి పుట ఇంగ్లీషు. ఎడమ పుటలో తిమ్మన పద్యం తెలుగు లిపిలోనే ఉంది.